కొత్త పార్టులన్నీ వేశాక కారు ముక్కు ఎందుకు లేచింది?

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఇంగ్లండ్‌లో రీడింగ్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసే స్పోర్ట్స్ కారు) కొనుక్కున్నాను. క్రోమ్ బంపర్లు, వైర్ వీల్స్ ఉన్న కారు. ఈ చలికాలంలో ముందు సస్పెన్షన్ మొత్తం విప్పాను. క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం) దించి రంగు వేయించి, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకి తిరిగే నిలువు పిన్నులు), స్ప్రింగులు, లోపలి బుష్షులు (వీ8 రకం), లివర్ ఆర్మ్ డాంపర్లు (స్ప్రింగుల ఊపుని అణిచేవి) అన్నీ కొత్తవి వేశాను. మాన్యువల్‌లో ఉన్న టార్కులన్నీ పాటించాను. తీరా కారు కిందికి దించితే మూడు తలనొప్పులు. ముందు భాగం మునుపటికన్నా ఒకటిన్నర అంగుళం ఎత్తుగా నిలబడింది, చిన్న గతుకు వచ్చినా ఎగిరెగిరి పడుతోంది. స్టీరింగ్ బరువుగా ఉంది, మలుపు తిరిగాక దానంతటది వెనక్కి రావడం లేదు. బ్రేకు వేసినప్పుడు ఎడమ చక్రం వైపు టక్‌మని శబ్దం. స్ప్రింగులు తప్పువి వచ్చాయా? వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే స్టీరింగ్ బాగవుతుందా? పాలీ బుష్షులు (రబ్బరు బదులు పాలీయురేథేన్‌వి) వేసెయ్యమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. వచ్చే ఆదివారం నలుగురితో కలిసి కాట్స్‌వోల్డ్స్ వైపు డ్రైవ్ అనుకున్నాం. వెళ్ళొచ్చా? విజయవాడ నుంచి మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా "ఆ డబ్బా అమ్మెయ్యరా" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: పార్టుల కోసం మళ్ళీ ఆర్డరు పెట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి విరిగిపోయింది ఏదీ లేదు. తప్పు వస్తువు వచ్చిందనడానికి కూడా ఇంకా ఆధారం లేదు. మూడు లక్షణాలకూ ఒకే కారణం వెతకబోయి మీరు స్ప్రింగుల మీద పడ్డారు. నాకు మాత్రం ఇవి మూడు వేర్వేరు తప్పుల్లా కనిపిస్తున్నాయి, మూడూ బిగింపులోనే ఉన్నాయి. ఆ టక్‌మనే శబ్దం ఎక్కడిదో తేలేదాకా కారుని వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళొద్దు. వరుసలో మాత్రం ముందు ఎత్తు సంగతి చూద్దాం. కారు సరైన ఎత్తులో కూర్చోకుండా మిగతా ఏ కొలతా నమ్మడానికి లేదు.

టార్కులన్నీ పాటించానన్నారు. ఎంత బిగించాలో చూశారు, బాగానే ఉంది. ఎప్పుడు బిగించారు? కారు స్టాండ్ల మీద ఉండి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పానా పెట్టి పూర్తిగా బిగించి, నట్టు తిరగకుండా అడ్డుపడే స్ప్లిట్ పిన్నులు కూడా వంచేసి, ఆ తరువాత దించి ఉంటారు. చెయ్యి పెట్టడానికి చోటు దొరికేది అప్పుడే కాబట్టి చాలామంది అలాగే చేస్తారు.

మీరు వేసిన వీ8 బుష్షు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో సన్నటి ఇనప గొట్టం, దాని చుట్టూ రబ్బరు. ఆ రబ్బరు గొట్టానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. లోపలి నట్టు బిగించగానే వాషరు ఆ గొట్టాన్ని నొక్కి పట్టేస్తుంది, ఇక గొట్టం కదలదు. కింది విష్‌బోన్ (చక్రాన్ని క్రాస్‌మెంబర్‌కి కలిపే చేతుల జత) పైకీ కిందికీ ఊగాలంటే రబ్బరు మెలి తిరగాల్సిందే. అంటే నట్టు బిగించిన క్షణంలో విష్‌బోన్ ఏ కోణంలో ఉందో రబ్బరు దాన్నే తన విశ్రాంతి స్థానంగా పట్టుకుంటుంది. మీరు బిగించినప్పుడు విష్‌బోన్ చేతులు కిందికి వేలాడుతున్నాయి. కారు బరువు పడగానే అవి పైకి లేవాలి, రబ్బరేమో వాటిని మళ్ళీ కిందికి తోస్తోంది. కాయిల్ స్ప్రింగుకి తోడు ప్రతి బుష్షూ ఒక అదనపు స్ప్రింగయి కూర్చుంది. ముక్కు లేవడానికీ, గతుకుల్లో ఎగరడానికీ కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. ఇలాగే తిప్పితే కొన్ని నెలల్లో రబ్బరు చిరిగిపోతుంది, అప్పుడు కారు తనంతట తానే కిందికి దిగుతుంది. అది చూసి "స్ప్రింగులు సెట్ అయ్యాయి" అని సంతోషించే వాళ్ళూ ఉన్నారు.

ఈ బుష్షు నిజానికి 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8 కారుది (జీటీ అంటే గట్టి పైకప్పు రకం). మామూలు ఎంజీబీకి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది రెండు ముక్కల ఉత్త రబ్బరు. అది కాస్త జారుతుంది కాబట్టి గాల్లో బిగించినా ఇంత ఇబ్బంది పెట్టదు. పాత పుస్తకాలు చూసి పని చేసేవాళ్ళు కొత్త బుష్షు దగ్గర దెబ్బ తినేది ఇక్కడే.

సరిచేయడం తేలికే, ఖర్చు కొత్త స్ప్లిట్ పిన్నులంత. విష్‌బోన్ లోపలి చివర్లలో ఉన్న నట్లు, పైన డాంపరు చేతుల చివర ట్రనియన్ (కింగ్ పిన్ పై చివరని పట్టుకునే దిమ్మ) గుండా పోయే పెద్ద బోల్టు నట్టు, రెండు వైపులా వదులు చేయండి. ఊడదీయక్కర్లేదు, ఒకటి రెండు చుట్లు చాలు. చక్రాలు తొడిగి కారుని నేల మీదికి దించండి. ఇక్కడ ఇంకో మోసం ఉంది. జాకీ మీంచి దించిన కారు వెంటనే తన ఎత్తుకి రాదు. గాల్లో ఉన్నప్పుడు చక్రాలు కొంచెం లోపలికి ముడుచుకుని ఉంటాయి. దించాక టైర్లు నేలని పట్టుకుని, బయటికి జరగడానికి ఒప్పుకోవు. అందుకని కారుని చేత్తో నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ తొయ్యండి, బంపరు మీద బరువేసి కొన్నిసార్లు ఊపండి. ఎత్తు ఎంత పడిపోతుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. తరువాత కారుని మెల్లగా ర్యాంపుల మీదికి ఎక్కించి, చక్రాల మీద బరువు ఉండగానే నట్లు మాన్యువల్ టార్కుకి బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు పెట్టండి. ర్యాంపులు లేకపోతే ముందు చక్రాల కింద మందపాటి దిమ్మలు పెట్టినా సరే. బాడీ కింద స్టాండ్లు పెడితే మాత్రం లాభం లేదు, చక్రాలు మళ్ళీ వేలాడతాయి.

ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి బంపరుకి కొలవకండి, టైర్ల గాలి లెక్కని తారుమారు చేస్తుంది. చక్రం మధ్య నుంచి సరిగ్గా పైనున్న ఫెండరు అంచుకి కొలిచి, రెండు వైపులా రాసిపెట్టుకోండి.

ఇంత చేశాక కూడా ముక్కు ఎత్తుగానే ఉంటే అప్పుడు స్ప్రింగుల్ని అనుమానిద్దాం. రోడ్‌స్టర్ స్ప్రింగు అంగుళం నొక్కుకోవడానికి సుమారు 348 పౌండ్లు కావాలి, జీటీ స్ప్రింగుకి 480 దాకా. రెండూ పక్కపక్కన పెడితే తప్ప చూపుకి తేడా తెలియదు, పెట్టెలు మారడం జరగని పని కాదు. పెట్టె మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకసారి సరిచూడండి. ఇంకొకటి, క్రాస్‌మెంబర్ దించానన్నారు కదా. దానికీ బాడీ పట్టీలకీ మధ్య రబ్బరు ప్యాడ్లు ఉంటాయి. అవన్నీ తమ తమ చోట్ల ఉన్నాయా, ఒకవైపు రెండు పడ్డాయా చూడండి. దాన్ని పట్టి ఉంచే నాలుగు పొడవాటి బోల్టుల టార్కు 54 నుంచి 56 పౌండ్-ఫుట్. కొత్త రబ్బరు నొక్కుకుని కూర్చుంటుంది కాబట్టి కొన్ని రోజులు నడిపాక వాటి మీద మళ్ళీ ఒకసారి పానా వెయ్యాలి.

రంగు వేయించడానికి పంపినప్పుడు మీ క్రాస్‌మెంబరే తిరిగి వచ్చిందా అన్నది కూడా అడగాలి. 1974 చివర్లో అమెరికా బంపరు ఎత్తు నిబంధనల కోసం ఈ కారు తయారుచేసిన కంపెనీ బ్రిటిష్ లేలాండ్ దీనికి నల్ల రబ్బరు బంపర్లు తగిలించి, మొత్తం కారుని ఒకటిన్నర అంగుళం దాకా పైకి లేపింది. ముందు ఎత్తు పెంచింది క్రాస్‌మెంబర్ మార్చి. మీరు చెప్పిన ఎత్తు కూడా సరిగ్గా అంతే కావడం కాకతాళీయమే అయ్యుంటుంది. అయినా పాతదాని ఫొటో ఉంటే పక్కన పెట్టి పోల్చుకోండి.

ఇక స్టీరింగ్. అసలు తల బద్దలు కొట్టుకోవలసింది దీని దగ్గర.

ఎంజీబీ ముందు చక్రాలకి క్యాస్టర్ ఏడు డిగ్రీలు. అంటే కింగ్ పిన్ పైభాగం వెనక్కి బాగా వాలి ఉంటుంది. ఈ వాలు వల్లే మలుపు అయ్యాక స్టీరింగ్ చక్రం చేతిలోంచి జారుతూ తనంతట తాను తిన్నగా వచ్చేస్తుంది. ఏడు డిగ్రీలున్న కారు వెనక్కి రావడం లేదంటే ఎక్కడో ఏదో పట్టేస్తోంది. అలైన్‌మెంట్ షాపులో దీనికి మందు లేదు. ఈ కారులో క్యాస్టరూ, క్యాంబరూ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) మార్చడానికి సర్దుబాటే లేదు, రెండూ క్రాస్‌మెంబర్ ఆకారంలోనే స్థిరపడి ఉంటాయి. వాళ్ళు చేయగలిగింది టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) ఒక్కటే. అదీ మీరు టై రాడ్లు (స్టీరింగ్ నుంచి చక్రాలకి పోయే కడ్డీలు) కదిపారు కాబట్టి చివర్లో చేయించాలి, పదహారో వంతు అంగుళం నుంచి ముప్ఫైరెండింట మూడు వంతులదాకా, అంటే 1.5 నుంచి 2.3 మి.మీ. కంప్యూటర్ మీద ఎర్ర అంకెలు చూపించి క్యాంబర్ తప్పుగా ఉందని వాళ్ళు భయపెడితే నవ్వి ఊరుకోండి.

పట్టేసింది ఏదో తెలుసుకోవాలంటే ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడాలి. రెండు ముందు చక్రాలూ గాల్లో ఉండేలా కారుని స్టాండ్ల మీద పెట్టండి. రెండు వైపులా టై రాడ్ చివరి బాల్ జాయింట్లు విడదీయండి. ఇప్పుడు మీ చేతుల్లో విడివిడిగా మూడు ఉన్నాయి: ఎడమ హబ్బు, కుడి హబ్బు, స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కలకి జరిగే పళ్ళ కడ్డీ). ముందు స్టీరింగ్ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి రెండు వేళ్ళతో తిప్పండి. తరువాత ఒక్కో హబ్బునీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. ఈ మూడింటిలో ఏది బరువుగా ఉందో అప్పుడే తెలిసిపోతుంది, ఊహలక్కర్లేదు.

ర్యాక్ బరువుగా ఉంటే తప్పు మీ క్రాస్‌మెంబర్ పనిలో ఉంది. ర్యాకు క్రాస్‌మెంబర్ మీదే కూర్చుంటుంది, స్టీరింగ్ కాలమ్ బాడీకి ఉంటుంది, రెండింటినీ ఒక యూనివర్సల్ జాయింట్ కలుపుతుంది. క్రాస్‌మెంబర్ దించి మళ్ళీ ఎక్కించాక, కొత్త ప్యాడ్లు కూడా పడ్డాక, ఆ రెండు గీతలూ పాత చోటే కలుస్తాయన్న హామీ లేదు. అందుకే ఫ్యాక్టరీవాళ్ళు ర్యాకు కింద పల్చటి షిమ్ములు (రేకు ముక్కలు) వేసి సరిచేసేవారు. విప్పేటప్పుడు ఆ షిమ్ములు కింద పడి పోతాయి, లేదా రంగువాళ్ళ దగ్గర చెత్తబుట్టలోకి పోతాయి. ర్యాకు బోల్టులు వదులు చేసి స్టీరింగ్ తిప్పి చూడండి. వెంటనే తేలికైతే దోషి దొరికినట్టే. కాలమ్‌కీ ర్యాక్‌కీ మధ్య జాయింటు దేన్నీ లాగకుండా, నెట్టకుండా కూర్చునేలా షిమ్ములు వేసి, అప్పుడు బిగించండి.

హబ్బు బరువుగా ఉంటే, మీ విషయంలో నేను ఎక్కువగా అనుమానించేది ఇదే, కింగ్ పిన్ దగ్గరికి వెళ్ళాలి. కింగ్ పిన్ అనగానే ఇక్కడి కుర్రాళ్ళు మ్యూజియం వస్తువుని చూసినట్టు చూస్తారు. మన దగ్గర లారీ మెకానిక్కులకి అది రోజువారీ పని. ఎంజీబీలో ఈ అమరిక యుద్ధం అయిన కొత్తలో మొదలైంది. 1947లో వచ్చిన ఎంజీ వై-టైప్ సెడాన్ కోసం అలెక్ ఇసిగోనిస్ గీసిన ముందు సస్పెన్షనే కొద్ది మార్పులతో టీడీ, ఎంజీఏ కార్లు దాటి ఎంజీబీ దాకా వచ్చింది. ఆయనే తరువాత మినీ కారు చేసింది. 1980లో ఎంజీ వాళ్ళ ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూసేసేదాకా ఈ పద్ధతి వదల్లేదు. పాతది కాబట్టి చెడ్డదని కాదు. గ్రీజు సరిగ్గా వేస్తే ఎంతకాలమైనా ఉంటుంది. కాకపోతే ఇందులో కొలిచి బిగించాల్సిన చోట్లు ఉన్నాయి. కొత్త కిట్టు పెట్టెలోంచి తీసి తొడిగేస్తే అయిపోయే పని కాదు.

పైన ట్రనియన్‌కీ స్టబ్ యాక్సిల్‌కీ (హబ్బు తిరిగే పొట్టి ఇరుసు) మధ్య మూడు వాషర్లు వరుసగా ఉంటాయి, రెండు ఉక్కువి, మధ్యలో కంచుది. ఈ దొంతర మందాన్ని బట్టే కింగ్ పిన్ మీద హబ్బు స్వేచ్ఛగా తిరగడమా, పట్టేయడమా తేలుతుంది. పై నట్టు పూర్తిగా బిగించాక హబ్బు పైకీ కిందికీ కదలాల్సింది 0.05 మి.మీ. లోపే, అంటే దాదాపు ఏమీ లేనట్టే. కానీ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. ఇందుకోసమే మధ్య వాషరు రకరకాల మందాల్లో దొరుకుతుంది. కిట్టులో వచ్చిన ఒక్క వాషరూ మీ కారుకి సరిపోతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, ఇప్పుడు తయారవుతున్న పార్టుల కొలతలు పెట్టెకో రకంగా ఉంటాయి.

పరీక్ష చాలా సులువు. కింగ్ పిన్ పై నట్టుని అర చుట్టు వదులు చేసి హబ్బు తిప్పండి. ఒక్కసారిగా తేలికైపోతే వాషర్ల దొంతర మందం ఎక్కువైంది, ఇంకాస్త పల్చటి వాషరు వెయ్యాలి. వదులు చేసినా అంతే బరువుగా ఉంటే బుష్షులే పిన్నుని పట్టేశాయి. కొత్త కంచు బుష్షులు స్టబ్ యాక్సిల్‌లోకి నొక్కాక వాటి లోపలి రంధ్రాన్ని రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకి చెక్కే పనిముట్టు) సరిచేయాలి, అదీ పైదీ కిందిదీ ఒకే గీత మీద ఉండేలా. ఈ పని ఎవరి చేత చేయించారో మీరు రాయలేదు. రీమింగ్ లేకుండా పిన్ను సుత్తితో దింపి ఉంటే అది నడుస్తూ నడుస్తూ వదులవుతుందని ఎదురు చూడకండి. కారులో స్టీరింగ్ పట్టేయడం మంచి అనుభవం కాదు. విప్పి మెషిన్ షాపుకి తీసుకెళ్ళండి.

ఈలోగా గ్రీజు గన్ను పట్టుకుని ఒక చిన్న పని చేయండి. చక్రాలు గాల్లో ఉండగానే ఒక్కో నిపుల్‌కీ (గ్రీజు గన్ను తగిలించే మూతి) గ్రీజు ఎక్కించండి. బరువు లేనప్పుడే ఆ వాషర్ల మధ్యకి గ్రీజు పోతుంది. పాతకాలం మాన్యువల్ పాటించేవాళ్ళు కూడా చాలామంది కారు నేల మీద ఉంచే గ్రీజు కొట్టి, ఎందుకు అరిగిపోయాయా అని తరువాత ఆశ్చర్యపోతారు. ఏదైనా నిపుల్ దగ్గర గన్ను గట్టిగా బిగుసుకుని గ్రీజు లోపలికి పోకపోతే, బుష్షు తిరగేసి పెట్టినట్టు, గ్రీజు రంధ్రం నిపుల్ రంధ్రానికి ఎదురుగా లేనట్టు. అదీ విప్పి సరిచేయాల్సిందే. పిన్ను చుట్టూ ఉండే దుమ్ము కవర్ల గొట్టం, దాని స్ప్రింగు ఎక్కడైనా నలిగి ఇరుక్కుందేమో టార్చి వేసి చూడండి.

కింగ్ పిన్ కింది కన్నంలో కూడా ఇలాంటి తగువే ఉంది. అక్కడ పొడవాటి బోల్టు, దాని మీద ఉక్కు గొట్టం, అటూ ఇటూ వాషర్లు. ఆ గొట్టం పిన్ను కన్నం కన్నా కొంచెం పొడుగ్గా ఉండాలి. బోల్టు బిగిస్తే విష్‌బోన్ చేతులు గొట్టాన్ని నొక్కుతాయి, పిన్ను మాత్రం మధ్యలో సుమారు 0.2 నుంచి 0.3 మి.మీ. ఆడుతుంది. కొత్త గొట్టం పొట్టిగా ఉంటే బోల్టు బిగించగానే పిన్నే నలిగి పట్టేస్తుంది. ఇది స్టీరింగుని అంతగా బాధించదు కానీ సస్పెన్షన్ పైకీ కిందికీ కదలడాన్ని ఆపేస్తుంది, మీ ఎగిరెగిరి పడటానికి కొంత వాటా దీనిదీ కావచ్చు. బిగించిన తరువాత పిన్నుని పక్కకి నెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూడండి.

ఒక హెచ్చరిక. పై ట్రనియన్ గానీ, కింది బోల్టు గానీ విప్పబోయే ముందు స్ప్రింగ్ పాన్ (స్ప్రింగు కూర్చునే పళ్ళెం) కింద జాకీ గట్టిగా పెట్టండి, పాన్ మీద బరువు పడేదాకా లేపండి. కారు నిలబడి ఉన్నప్పుడు ఒక్కో స్ప్రింగు మోసేది 450 కిలోల దరిదాపు. చక్రం వేలాడుతున్నప్పుడు ఆ స్ప్రింగు పూర్తిగా వదులవదు. డాంపరు చెయ్యి రబ్బరు దిమ్మకి తగిలి ఆగుతుంది కాబట్టి, అదే స్ప్రింగుని పట్టి ఉంచుతోంది. పై బోల్టు లాగిన మరుక్షణం ఆ బలమంతా మీ చేతుల మీద పడుతుంది.

ఇప్పుడు ఆ టక్‌మనే శబ్దం. బ్రేకుతో వస్తోందన్నారు, ఒక్క ఎడమ వైపే అన్నారు, ఆ రెండు మాటలూ చాలా పనికొస్తాయి. వైర్ వీల్స్ అని చెప్పారు కాబట్టి నేను మొదట చూసేది చక్రాన్ని పట్టి ఉంచే చెవుల నట్టుని. కింగ్ పిన్నులు మార్చినప్పుడు హబ్బులు ఊడదీసే ఉంటారు. వైర్ వీల్ హబ్బులు రెండూ ఒకటి కాదు. కారులో కూర్చుని చూస్తే ఎడమ వైపుది మామూలు మర, కుడి వైపుది ఎదురు మర. బల్ల మీద పక్కపక్కన పెట్టి గ్రీజు పూస్తున్నప్పుడు ఇవి చాలా సులువుగా మారిపోతాయి. మారితే చక్రం తిరుగుతున్న కొద్దీ ఆ నట్టు దానంతటదే వదులవుతూ పోతుంది, మొదట వినిపించేది బ్రేకు వేసినప్పుడు టక్‌మనే. పరీక్షకి పానా కూడా అక్కర్లేదు. ఏ వైపైనా సరే, నట్టు పైభాగాన్ని కారు ముందు వైపుకి తిప్పితే ఊడాలి, వెనక వైపుకి తిప్పితే బిగియాలి. నట్టు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. మీ కారులో అలా లేకపోతే మిగతా ఉత్తరం చదవడం ఆపి, ముందు హబ్బులు మార్చండి.

అవి సరిగ్గానే ఉంటే ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. మీరు కారుని ముందుకీ వెనక్కీ ఊపండి, ఇంకొకరు ఒక్కో కీలు మీద అరచెయ్యి ఆనించి చూడాలి. శబ్దం వచ్చే కీలు చేతికి తెలుస్తుంది, చెవి కన్నా చెయ్యి నమ్మదగింది. వేళ్ళు మాత్రం రెండు ఇనపముక్కల మధ్యకి పోనివ్వొద్దు. బ్రేకు ప్యాడ్లని నొక్కే కాలిపర్ బోల్టులు (40 నుంచి 45 పౌండ్-ఫుట్), క్రాస్‌మెంబర్ బోల్టులు, స్ప్రింగ్ పాన్ బోల్టులు, కింది పొడవాటి బోల్టు, ఇదే నా వరుస. మీ కారుకి యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు వాలకుండా పట్టే కడ్డీ) ఉంటే దాని చివర్ల లింకులు కూడా చూడండి. అవి ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. తారుమారైతే వంకరగా లాగుతూ టకటకమంటాయి.

హబ్బు బేరింగుల గురించి ఒక మాట చెప్పకుండా వదల్లేను, ఎందుకంటే ఎంజీబీలో ఇది మిగతా కార్లలా ఉండదు. చాలా కార్లలో టేపర్ బేరింగు నట్టు బిగించి, కొంచెం వెనక్కి తిప్పి వదిలేస్తాం. ఇక్కడ రెండు బేరింగుల మధ్య ఒక ఉక్కు గొట్టం, దాని పక్కన షిమ్ములు ఉంటాయి. నట్టు 40 నుంచి 70 పౌండ్-ఫుట్ మధ్య పూర్తిగా బిగించి స్ప్లిట్ పిన్ను పట్టించాలి. అప్పుడు ఆట 0.05 నుంచి 0.10 మి.మీ. ఉండేలా షిమ్ములు ఎంచుకోవాలి. కొంతమంది ఆ గొట్టం ఎందుకో అర్థంకాక తీసి పక్కన పడేస్తారు. స్టబ్ యాక్సిల్ వంగకుండా గట్టిగా నిలబెట్టేది అదే. అది లేకుండా తిరిగే కార్ల యాక్సిళ్ళు విరిగిన సందర్భాలు ఉన్నాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట చేతికి బాగా తెలుస్తుంటే ఇక్కడికి రావాలి.

కొత్త లివర్ ఆర్మ్ డాంపర్లు కూడా ఒక్కోసారి టక్‌మంటాయి, లోపల గాలి ఉండిపోతే. పైకి తీసిన డాంపరు చేతిని చివర నుంచి చివరికి మెల్లగా చాలాసార్లు ఊపి, నూనె నిండుగా పోసి ఉండాలి. చెయ్యి కదలిక మొదట్లో ఖాళీగా జారి తరువాత బిగుసుకుంటుంటే గాలి ఉన్నట్టే.

పాలీ బుష్షుల మాట. మీ ఫ్రెండు చెప్పింది తప్పని అనను. వాటిలో గొట్టం బుష్షుకి అతుక్కుని ఉండదు కాబట్టి గాల్లో బిగించినా మెలి పడవు. కానీ అవి మీ మీదున్న మూడు సమస్యల్లో ఒక్కదానికే, అదీ డబ్బు పెట్టి జవాబిస్తాయి. పైగా రోడ్డు మీద ప్రతి గతుకునీ మీ నడుముకి చేరవేస్తాయి. రేసులకి వెళ్ళని కారుకి మీరు వేసిన వీ8 బుష్షులే నాకు ఇష్టం.

ఆదివారం ప్రయాణం ఈసారికి మానుకోండి. ఇంకెవరి కారులోనైనా పక్క సీట్లో కూర్చుని వెళ్ళండి. మీ కారు 1972ది, 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు లేని కారు కాబట్టి 2018 మే నుంచి దానికి ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేసే వాహన తనిఖీ) తప్పనిసరి కాదు. అంటే మీ బిగింపుని చూసి చెప్పే రెండో కంటి జత ఏదీ లేదు. ఈ పనులన్నీ అయ్యాక మీరే అడిగి స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించండి. వాళ్ళు కారుని పైకి లేపి, గడ్డపార పెట్టి ఒక్కో కీలునీ కదిపి చూస్తారు. ముందు సస్పెన్షన్ మొత్తం విప్పిన కారుకి అది పెట్టదగిన ఖర్చు.

మీ నాన్నగారి విషయానికొస్తే, ఆయన కాలంలో విజయవాడ రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి. ఎంజీ అనే పేరులో ఉన్నది మోరిస్ గరాజెస్, అదీ ఆక్స్‌ఫర్డ్ ఊరిదే. ఆయన డబ్బా అంటున్నది అంబాసిడర్ పుట్టింటివాళ్ళనే అని ఫోన్‌లో చెప్పి చూడండి.

మీరు ముందు చేయాల్సినవి మాత్రం రెండు: చెవుల నట్లు ఏ వైపుకి ఊడుతున్నాయో చూడటం, టై రాడ్లు విప్పి మూడింటిలో ఏది బరువుగా ఉందో తేల్చడం. పై నట్టు వదులు చేసినప్పుడు హబ్బు తేలికైందా లేదా అన్నది కూడా రాయండి. దాన్ని బట్టి ఏ మందం వాషరు కావాలో, మెషిన్ షాపుకి వెళ్ళాలో చెప్తాను. పనంతా అయ్యి, కారు వంద మైళ్ళు తిరిగాక క్రాస్‌మెంబర్ బోల్టులు, కాలిపర్ బోల్టులు, చెవుల నట్ల మీద మళ్ళీ ఒకసారి చెయ్యి వేయండి.